గచ్చు పొడిగానే ఉంది, చెక్క వేసేయొచ్చా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. 2009లో కట్టిన ఇల్లు, కింద గదులన్నీ సిమెంటు గచ్చు. ఈమధ్య మా అత్తగారి కోసం పక్కనే ఇంకో గది వేశాం. దాని నేలకి బెడ్ కాంక్రీటు పోసి ఆరు వారాలైంది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, చల్లటి నేల మీద కాలు మోపలేరు. అందుకని కొత్త గదికీ, దాన్ని ఆనుకుని ఉన్న పాత పడగ్గదికీ చెక్క ల్యామినేట్ వేయిద్దామనుకున్నాం. ఆగస్టు చివర్లో మా అబ్బాయి, కోడలు డాలస్ నుంచి వస్తున్నారు, అప్పటికి పని అయిపోవాలి. షాపతను వచ్చి చూసి "నేల ఎండిపోయిందండి, కింద ఫోమ్ షీటు వేసి వారంలో ఇచ్చేస్తా" అన్నాడు. మా మేస్త్రీ మాత్రం పాత గదిలో గోడ పక్కన తెల్లగా ఉప్పు పేలుతోందని, యాసిడ్‌తో కడిగి వాటర్‌ప్రూఫ్ పెయింట్ కొట్టాలని అంటున్నాడు. ఎవరి మాట వినమంటారు?
(మే నెలలో వచ్చిన ఉత్తరం)

జవాబు:

అమ్మా, మీ ఇంట్లో బియ్యం బస్తాని నేరుగా గచ్చు మీద పెడతారా? పెట్టరు. కింద రెండు చెక్కలో, నాలుగు ఇటుకలో వేసి దాని మీద పెడతారు. నేల మీదే వదిలేస్తే నెల తిరక్కుండా బస్తా అడుగు మెత్తబడి ముక్కవాసన కొడుతుందని మీ అత్తగారికి తెలుసు, ఆవిడ అత్తగారికీ తెలుసు. మరి అదే గచ్చు చేత్తో తడిమి చూస్తే పొడిగానే ఉంటుంది కదా!

షాపతను తడిమి చూసిందీ ఆ పొడినే. అబద్ధం చెప్పలేదు గానీ సగమే చెప్పాడు. కాంక్రీటు గట్టిగా ఉంటుంది కాబట్టి దాన్లోంచి ఏమీ పోదనుకుంటాం. నిజానికి దాని నిండా కంటికి కనపడని సన్న రంధ్రాలే. దీపంలో వత్తి నూనె పీల్చినట్టు అది కింది మట్టిలోని నీటిని పైకి లాగుతుంది. పైదాకా వచ్చింది ఆవిరై గదిలో కలిసిపోతుంది. మీ పాత గదిలో ఇది 2009 నుంచీ జరుగుతూనే ఉంది. ఫ్యాను గాలికి, కిటికీ గాలికి ఎప్పటికప్పుడు ఎగిరిపోతోంది కాబట్టి మీకు తెలియలేదు. ఇప్పుడు మీరు దాని మీద మూత పెట్టబోతున్నారు. వేడి అన్నం మీద మూత పెడితే లోపలి వైపు నీళ్ళు పట్టినట్టే, చెక్క అడుగున తేమ చేరుతుంది. దానికి పోయే దారి ఉండదు.

నేను ఈ పాఠం చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. పదిహేనేళ్ళ కిందట మచిలీపట్నంలో ఒకరింట్లో కింది గదికి ల్యామినేట్ వేయించాను. ఏప్రిల్ నెల, నేల ఎముకలా ఎండి ఉంది, పరీక్ష ఎందుకులే అనుకున్నాను. వినాయక చవితి నాటికి పలకల అంచులు అతుకుల దగ్గర పైకి లేచాయి. నడిస్తే పాదానికి గుచ్చుకుంటున్నాయి. విప్పి చూస్తే అడుగంతా నల్లటి బూజు. ల్యామినేట్ అంటే పైన డిజైను కాగితం, లోపల చెక్కపొడిని ఒత్తి చేసిన బోర్డు. ఆ బోర్డు నీళ్ళు తాగి ఒకసారి ఉబ్బిందంటే మళ్ళీ ఎండబెట్టినా పాత రూపానికి రాదు. మొత్తం తీసేసి నా ఖర్చుతో మళ్ళీ చేయించాను. అప్పటినుంచి వేసవిలో నేల చూసి మాటివ్వడం మానేశాను.

మీ ఉత్తరం కూడా మేలోనే వచ్చింది, గమనించారా? మీ వైపు వేసవిలో కాలువలు కట్టేస్తారు, జూన్‌లో మళ్ళీ వదులుతారు. కాలువ ఎండినప్పుడు మీ నూతిలో నీళ్ళు ఎంత కిందికి పోతాయో, కాలువ వదిలి, చేలు తడిసి, నాలుగు వానలు పడ్డాక ఎంత పైకి వస్తాయో మీకు నాకంటే బాగా తెలుసు. దగ్గర్లో చేపల చెరువులుంటే ఇక చెప్పక్కర్లేదు. నూతిలో నీటిమట్టం లేచిందంటే మీ గది కింద మట్టిలోనూ తడి లేచినట్టే. మేలో పొడిగా ఉన్న నేల ఆగస్టులో కూడా అలాగే ఉంటుందనడానికి ఏ హామీ లేదు. పరీక్ష చేయాల్సింది కాలువ వదిలాక.

ఇక కొత్త గది సంగతి. దాంట్లో కింది తేమతోపాటు పోసిన నీళ్ళు కూడా ఉన్నాయి. 50 కిలోల సిమెంటు బస్తాకి మన మేస్త్రీలు పాతిక ముప్ఫై లీటర్ల నీళ్ళు కలుపుతారు. సిమెంటుతో రసాయనికంగా కలిసి గట్టిపడేది అందులో సుమారు పన్నెండు లీటర్లే. మిగిలిన దాంట్లో చాలా భాగం మెల్లగా బయటికి పోవాల్సిందే. దానికితోడు క్యూరింగ్ అని మట్టితో గట్లు కట్టి నీళ్ళు నిలబెట్టారు. అది మంచిదే, చేయాల్సిందే. కానీ ఆరడం మొదలయ్యేది ఆ నీళ్ళు తీసేసిన రోజు నుంచి. 28 రోజులు అనే లెక్క బలానిది, ఎండడానిది కాదు. ఎండడానికి మోటు లెక్క అంగుళానికి ఒక నెల. మీ బెడ్ నాలుగంగుళాలైతే నాలుగు నెలలు, అదీ పొడి గాలిలో. మీకు మధ్యలో వానాకాలం వస్తోంది. బట్ట ఆరని రోజుల్లో కాంక్రీటు ఆరుతుందా?

మేస్త్రీని ఒక్కమాట సూటిగా అడగండి: బెడ్ పోసే ముందు కింద ప్లాస్టిక్ షీటు పరిచాడా? "పరిచానండి" అంటే ఏం షీటో అడగండి. చాలాచోట్ల ఖాళీ సిమెంటు సంచులో, కూరగాయల కవరంత పల్చటి షీటో పరిచి అదే పరచడం అంటారు. కంకర తొక్కుడుకే అది చిరిగిపోతుంది. పని చేసేది 250 మైక్రాన్ల మందం పాలిథిన్, దుకాణాల్లో 1000 గేజ్ అంటారు. రెండు షీట్లు కలిసేచోట ఆరంగుళాలు ఒకదాని మీదికొకటి వచ్చి టేపు పడాలి, గోడల దగ్గర పైకి మడవాలి. దాని కింద సన్న ఇసుక బదులు లావు కంకర పొర ఉంటే ఇంకా మేలు, ఎందుకంటే లావు కంకర మధ్య ఖాళీలు నీటిని పైకి పీల్చలేవు. ఇవన్నీ చేసి ఉంటే కొత్త గదికి ఎదురుచూడ్డం తప్ప పెద్ద పని లేదు. మీ ఉత్తరం చదివితే చేసి ఉండరనే నాకు అనిపిస్తోంది.

చేతిలో పరికరం లేకుండా మీరే చేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. మందంగా, పారదర్శకంగా ఉన్న పాలిథిన్ షీటు అడుగున్నర చదరంగా కత్తిరించి నేలకి పరిచి, నాలుగు అంచులూ గాలి దూరకుండా టేపు వేయండి. ఒక్కచోట సరిపోదు. ఒక్కో గదిలో మూడు ముక్కలు వేయండి, ఒకటి మధ్యలో, ఒకటి బయటి గోడ పక్కన, ఒకటి బాత్రూమ్ వైపు. నేల మీద ఎండ పడకూడదు. ముందు రెండు రోజులు తడిగుడ్డ పెట్టకూడదు. కనీసం 16 గంటలు ఉంచాలి, నేనైతే రెండు రోజులు ఉంచుతాను. తీసేటప్పుడు షీటు అడుగున చెమట పట్టినా, ఆ ముక్క కింద కాంక్రీటు చుట్టుపక్కల కన్నా నల్లగా ఉన్నా తేమ నేలలోంచి వస్తున్నట్టు. నీటి చుక్కలు షీటు పైన ఉంటే అది గదిలోని గాలి చేసిన పని. వానాకాలంలో ఉక్కపోత గాలి చల్లటి నేలకి తగిలి చెమర్చడం అంటే అదే, దానికి మందు వేరు.

అయితే ఈ పరీక్షను ఒకవైపే నమ్మాలి. తడి కనపడితే తేమ ఉందని ఖాయం. కనపడకపోతే లేదని ఖాయం కాదు, ఎందుకంటే షీటుకి తెలిసేది పైపొర ఒక్కటే. లోపలి సంగతి తెలియాలంటే కాంక్రీటులో డ్రిల్లుతో రంధ్రం చేసి తేమ కొలిచే ప్రోబ్ పెడతారు. నాలుగంగుళాల బెడ్‌కి సుమారు ఒకటిన్నర అంగుళం లోతు. అంటే మందంలో నలభై శాతం. రంధ్రం శుభ్రం చేసి, మూసి, 24 గంటలు వదిలేశాక ఆ రంధ్రంలోని గాలిలో తేమ ఎంత శాతమో (రిలేటివ్ హ్యుమిడిటీ) లెక్క తీస్తారు. చెక్క రకాలకి సాధారణంగా 75 శాతం దాటకూడదంటారు, కొన్ని వినైల్ రకాలు 85 దాకా ఒప్పుకుంటాయి. మీరు కొనే పెట్టె మీదో, గ్యారంటీ కాగితంలోనో ఆ అంకె ఉంటుంది, చదవండి. పరీక్ష లేకుండా వేస్తే గ్యారంటీ వర్తించదని కూడా చాలా కాగితాల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. విజయవాడ, రాజమండ్రిల్లో పారిశ్రామిక ఫ్లోరింగ్ చేసేవాళ్ళ దగ్గర ఈ ప్రోబ్ దొరకొచ్చు, అడిగి చూడండి. దొరక్కపోతే టెన్షన్ పడకండి. కింద షీటు లేని నేలకి, మీ ఊళ్ళో, ఇవాళ్టి అంకె ఎంత తక్కువ వచ్చినా నేను అడ్డుపొర లేకుండా చెక్క వేయమనను.

షాపతను చెప్పే ఫోమ్ నడిస్తే చప్పుడు రాకుండా, చిన్న ఎగుడుదిగుడులు సర్దుకోవడానికి. మేడ మీద గదికి పాలిథిన్ షీటు, దాని మీద ఫోమ్ వేసి పని కానిమ్మంటే అతని మాటే నా మాట, అక్కడ కింద మట్టి లేదు. కింది గదిలో ఉత్త ఫోమ్ తేమని ఆపదు.

మేస్త్రీ మాట ఇంకా ప్రమాదం. ఉప్పు పేలిన చోట యాసిడ్ పోస్తే బుసబుసా పొంగి తెలుపు పోతుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆ యాసిడ్ సిమెంటులోని సున్నంతో కలిసి కాల్షియం క్లోరైడ్ అనే ఇంకో ఉప్పు అవుతుంది. అది గాలిలోంచి నీటిని లాక్కునే రకం. ఎంత బాగా లాగుతుందంటే, నేలలోంచి ఎంత ఆవిరి వస్తోందో కొలిచే ఒక పరీక్షలో వాడేదే ఆ ఉప్పుని! తేమ పోగొడదామని తేమని పిలిచే పదార్థాన్ని నేలకి తాగించడమన్నమాట. ఇక వాటర్‌ప్రూఫ్ పెయింట్ అంటే ఎక్కువగా బయట గోడ మీద పడే వాన కోసం చేసిన రంగు. వాన బయటి నుంచి రంగుని గోడకేసి నొక్కుతుంది. నేల కింది తేమ రంగుని కింది నుంచి తోస్తుంది. ఏడాదిలో పొక్కులు కట్టి ఊడొస్తుంది.

కొత్త గదికి నేను చెప్పేది రెండు కోటింగులుగా వేసే ఎపాక్సీ తేమ అడ్డుపొర. ఎపాక్సీ అంటే రెసిన్, హార్డెనర్ అనే రెండు భాగాలు కలిపితే గట్టిపడే పూత. ద్రావకం (సాల్వెంట్) కలపని రకం, తేమ అడ్డుకోవడానికే అని డబ్బా మీద రాసి ఉన్నది తీసుకోండి. మెరుపు కోసం వేసే నేల పెయింటు కూడా ఎపాక్సీ పేరుతోనే అమ్ముతారు, అది వద్దు. డబ్బా మీద కాంక్రీటు కనీస వయసు ఎంత ఉండాలో, ఎంత శాతం తేమ దాకా పని చేస్తుందో ఉంటుంది. ఇది వేస్తే పోసిన నీళ్ళు పూర్తిగా ఎండేదాకా ఆగక్కర్లేదు, కింది నుంచి వచ్చేదీ ఆగుతుంది. మీ ఆగస్టు గడువుకి ఉన్న దారి ఇదొక్కటే.

ఈ పనిలో డబ్బంతా డబ్బాలో ఉందనుకుంటారు. నిజానికి ఫలితం ఉండేది దానికి ముందు చేసే గ్రైండింగ్‌లో. కొత్త బెడ్ మీద సిమెంటు పాలు పేరుకుని ఒక మెత్తటి పొర ఉంటుంది. ఎపాక్సీ ఆ పొరని పట్టుకుంటుంది, ఆ పొర కాంక్రీటుని పట్టుకోదు, రెండూ కలిసి అప్పడంలా లేస్తాయి. డైమండ్ గ్రైండర్‌తో ఆ పొర పోయి లోపలి ఇసుక రేణువులు కనపడేదాకా రుద్దించాలి. చీపురుతో ఊడిస్తే చాలదు, వాక్యూమ్ పెట్టించండి. నీళ్ళతో కడగనివ్వకండి. అయిందో లేదో చూడ్డానికి నాలుగు చోట్ల ఒక్కో నీటిచుక్క వేయండి. చుక్క ఇంకిపోతే సరే. తామరాకు మీద నీటిబొట్టులా నిలిస్తే అక్కడ ఇంకా రుద్దాలి. పగుళ్ళుంటే వాటిని కాస్త వెడల్పు చేసి ఎపాక్సీ ముద్దతో నింపాలి, లేకపోతే తేమంతా ఆ సందులోంచే వస్తుంది.

వేసే వేళ సాయంత్రం పెట్టించండి. పొద్దున వేస్తే పొద్దెక్కేకొద్దీ కాంక్రీటు వేడెక్కి, రంధ్రాల్లోని గాలి ఉబ్బి బుడగలుగా పైకొస్తుంది. బుడగ పగిలిన ప్రతిచోటా ఒక సూదిబెజ్జం మిగులుతుంది. సాయంత్రం నేల చల్లబడుతూ ఉంటుంది కాబట్టి పొరని లోపలికే పీల్చుకుంటుంది. రెసిన్, హార్డెనర్ కొలత ప్రకారం కలపాలి, కంటి లెక్కన కాదు. ఒకేసారి బోలెడు కలిపితే మన వేడికి బకెట్లోనే పొగలు కక్కుతూ గట్టిపడుతుంది. మొదటి కోటు వేలికి అంటకుండా అయ్యాక, డబ్బా మీద చెప్పిన గడువు దాటకముందే, అడ్డంగా రెండో కోటు. గోడల అంచున స్కర్టింగ్ వెనక దాగేటట్టు నాలుగంగుళాలు పైకి ఎక్కించాలి. అంచు వదిలేస్తే తేమకి దారి చూపించినట్టే.

పాత గది గురించి నా మాట మీకు నచ్చకపోవచ్చు. దానికి ఈ ఏడాది చెక్క వేయకండి. తెల్లటి ఉప్పు నీటితోపాటు పైకొచ్చి, నీరు ఆవిరయ్యాక మిగిలేది. అక్కడ అది పేలుతున్నది గోడ పక్కన. అంటే నీరు నేలలోంచే కాదు, గోడలోంచి కూడా వస్తూ ఉండాలి. నేల మీద ఎపాక్సీ వేసి మూసేస్తే కింది తేమ ఊరుకోదు, దారి ఉన్న వైపుకి, అంటే గోడల్లోకి మళ్ళుతుంది. ఇప్పుడు జానెడు ఎత్తున ఉన్న చెమ్మ రెండు జానలు ఎక్కుతుంది. ముందు నీరెక్కడిదో పట్టుకోండి. చెమ్మ ఎంతవరకు ఉందో పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ రాయండి. ఆ గోడ అవతల బాత్రూమ్ ఉంటే పది రోజులు వాడడం మానేసి గీత చూడండి. బయటికెళ్ళి చూడండి: గోడని ఆనుకుని పూలకుండీలు, కొళాయి, సంపు, మురుగు తూము ఏమైనా ఉన్నాయా? ఇంకొకటి, మన ఊళ్ళలో సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు వేస్తూ పోతారు. 2009లో మీ ఇల్లు రోడ్డు కంటే ఎంత ఎత్తున ఉండేదో, ఇప్పుడెంత ఉందో కొలవండి. చుట్టూ నేలకన్నా కనీసం 45 సెంటీమీటర్లు, అంటే అడుగున్నర ఎత్తులో ఇంటి నేల ఉండాలి. వాన నీళ్ళు గోడ మొదట్లో నిలబడుతుంటే లోపల ఏ మందు పూసినా దండగే. గోడకి దూరంగా వాలు చేసి, నీరు పోయే కాలువ తీయించడం మొదటి ఖర్చు.

అంతవరకు ఆ గదిలో మంచి మందపాటి జంపఖానా వేయండి. కాలికి వెచ్చగా ఉంటుంది, తేమ దాన్లోంచి పోతుంది, వారానికోసారి ఎండలో వేయొచ్చు. పెద్దావిడ జారకుండా కింద రబ్బరు జాలీ పట్టీ పెట్టడం మర్చిపోకండి.

కొత్త గదికి మిగిలిన పనులు చిన్నవి. ఎపాక్సీ పూర్తిగా గట్టిపడ్డాక రెండు మీటర్ల అల్యూమినియం పట్టీ నేల మీద అన్ని వైపులా తిప్పి చూడండి. కింద 3 మిల్లీమీటర్ల కన్నా సందు కనపడితే అక్కడ తనంతట తానే సమంగా పరుచుకునే సెల్ఫ్ లెవెలింగ్ మిశ్రమం పోయించాలి. అది పడుతుందని ముందే తెలిస్తే రెండో కోటు పచ్చిగా ఉండగానే పొడి ఇసుక చల్లించండి, లేకపోతే నున్నటి ఎపాక్సీ మీద ఏదీ అతకదు. పలకల పెట్టెలు రెండు రోజులు ఆ గదిలోనే పడుకోబెట్టి ఉంచాలి. వేసేటప్పుడు నాలుగు గోడల దగ్గర 8 నుంచి 10 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి, స్కర్టింగ్ దాన్ని కప్పేస్తుంది. ఎపాక్సీ ఉన్నా సరే, ఫోమ్ కింద పాలిథిన్ షీటు ఒకటి వేయించండి. దాని ఖర్చు ఎంతని! మేస్త్రీని జూన్ రెండో వారంలో షీటు పరీక్షకి, జూలైలో గ్రైండింగ్‌కి, ఆ తర్వాత షాపతన్ని రమ్మంటే ఆగస్టు మొదటి వారానికి అయిపోతుంది.

చివరిగా ఒకటి, పెద్దావిడ గది కాబట్టి చెబుతున్నాను. ఫోమ్‌తో కలిపి ల్యామినేట్ నేలని అర అంగుళం దాకా ఎత్తు చేస్తుంది. పాత గదిలోంచి కొత్త గదిలోకి వెళ్ళే గుమ్మం దగ్గర అది చిన్న మెట్టవుతుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు పాదం ఎత్తి వేయరు, ఈడుస్తారు. రాత్రిపూట బాత్రూమ్‌కి లేచినప్పుడు తట్టుకునేది అక్కడే. వాలుగా ఉండే పట్టీ ఒకటి ఆ గుమ్మంలో బిగించమని షాపతనికి ఇప్పుడే చెప్పండి, అలాగే వడ్రంగితో తలుపు అడుగు కాస్త చిత్రిక పట్టించండి.